గిరాకీ పెరిగిందని కొట్టు మూసిన దర్జీ

బేరం బాగా సాగుతుంటే ఎవరైనా కొట్టు పెంచుతారు. జాన్ వూల్మన్ తగ్గించాడు. ఇంగ్లండ్ ఏలుబడిలో ఉన్న న్యూజెర్సీలో, మౌంట్ హోలీ ఆయన ఊరు. వ్యాపారం ఏటికేడాది పెరుగుతుంటే బెంగపడి, 1756 ప్రాంతంలో సరుకుల అమ్మకం మానేశాడు. కుట్టుపని, ఆపిల్ తోట ఇల్లు గడవడానికి చాలనుకున్నాడు.

1720లో పుట్టిన ఈ క్వేకర్ క్రైస్తవుడు మొదట దర్జీ సామాన్లు, తర్వాత బట్టలు అమ్మాడు. పేదవాళ్లు ఆర్భాటపు సరుకుల మోజులో తాహతుకు మించి కొని అప్పులపాలవడం కళ్లారా చూశాడు. తక్కువ ఖరీదుది, ఎక్కువ పనికొచ్చేది కొనుక్కోమని వాళ్లకు నచ్చజెప్పేవాడు. వ్యాపారం నెత్తికెక్కితే దేవుడి మాట వినే తీరిక తనకే ఉండదన్నది ఆయన భయం. లాభం చేతికందుతున్నప్పుడే వదులుకున్నాడు కాబట్టి ఆయన మాటకు అంత బరువు.

అంతకు చాలా ముందే ఒక కాగితం ఆయన్ని కుదిపేసింది. ఆయనకు ఇరవై రెండు మూడేళ్లున్నప్పుడు, తాను పనిచేసే కొట్టు యజమాని ఒక నల్లజాతి స్త్రీని అమ్మి, పత్రం రాయమన్నాడు. కొనుక్కున్న ముసలాయన ఎదురుగానే ఉన్నాడు. ఆయనా క్వేకరే. వూల్మన్ రాశాడు. రాసినా మనసు ఊరుకోలేదు. బానిసలను ఉంచుకోవడం క్రైస్తవానికి పొసగదని ఇద్దరి ముందే చెప్పేశాడు. తర్వాత తర్వాత, బానిసలను వారసులకు రాసిచ్చే వీలునామా అంటే రాతకూలి పోయినా సరే, కలం పట్టలేదు.

కొనేవాడి మోజుకూ బానిస చెమటకూ ఉన్న లంకె ఆయనకు స్పష్టంగా కనబడింది. వెస్టిండీస్ తోటల్లో బానిసలు పండించిన చక్కెర మానేశాడు. రంగులద్దిన బట్టలు వదిలేసి, తెల్లటోపీతో సభలకు వెళితే తోటి క్వేకర్లే వింతగా చూశారు. బానిసలున్న ఇళ్లలో బస చేసినప్పుడు, తనకు చాకిరీ చేసినందుకు వాళ్లకు డబ్బులిచ్చేవాడు. మర్యాద పాటించి ఊరుకోవడం సులువు. ఆతిథ్యమిచ్చిన ఇంట్లో ఆ పని చేయడానికి ఎంత గుండె కావాలి!

1772లో ఇంగ్లండుకు ఓడెక్కాడు. క్యాబిన్‌కు చెక్కిన నగిషీలు వృథా ఖర్చని, ఆ సొగసుకు టికెట్ డబ్బు కట్టనని, నావికుల మధ్య ఇరుకులో పడుకున్నాడు. ఇంగ్లండులో గుర్రాలను, వాటిని తోలే కుర్రాళ్లను చావగొట్టే వేగపు బగ్గీలెక్కకుండా కాలినడకన తిరిగాడు. ఆ అక్టోబరులోనే యార్క్‌లో మశూచితో కన్నుమూశాడు.

ఆయన పోయిన నాలుగేళ్లకు, 1776లో, బానిసలను విడిచిపెట్టని సభ్యులను వెలివేయాలని ఫిలడెల్ఫియా క్వేకర్ల వార్షిక సభ తీర్మానించింది.