లూపస్ కిడ్నీ జబ్బు: పర్యావరణ, వృత్తి కారణాలు (మదనపల్లె, పుంగనూరు, కుప్పం)

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి సొంత కణాల మీదికే తిరగబడే జబ్బు లూపస్. అది కిడ్నీలను పట్టుకుంటే లూపస్ నెఫ్రైటిస్ అంటారు. లూపస్ రోగుల్లో పదింట తొమ్మిది మంది స్త్రీలే, అందులోనూ ఎక్కువ మంది పిల్లల్ని కనే వయసువారు. జన్యువుల్లో ఉన్న లోపం ఒక్కటే ఈ జబ్బును తెచ్చిపెట్టదు. ఎండ, పొగ, రాతిదుమ్ము, కొన్ని మందులు దానికి తోడవుతాయి. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో జనం బతుకుల్లో, చేసే పనుల్లో ఇవన్నీ ఉన్నాయి.

లూపస్ చర్మంతో ఆగదనీ, లోపలి అవయవాలకూ పాకుతుందనీ 1872లో వియన్నా వైద్యుడు కపోసి రాశాడు. కిడ్నీలు దెబ్బతినడాన్ని 1895 తర్వాత విలియం ఆస్లర్ వివరించాడు. పనికీ ఇలాంటి జబ్బులకూ ఉన్న లంకె మొదట బయటపడింది రాతిపనివాళ్లలోనే. లూపస్‌కు దగ్గరిదైన స్క్లెరోడెర్మా ఎడిన్‌బరోలో రాళ్లు చెక్కేవారికి రావడాన్ని 1914లో బ్రామ్‌వెల్ గమనించాడు.

కుప్పానికి ఈ కథ దూరం కాదు. పక్కనే ఉన్న కోలార్ బంగారు గనుల కార్మికుల్లో రాతిదుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను 1940లలోనే వైద్యులు నమోదు చేశారు. గుడుపల్లె మండలంలోని బిసానత్తం, చిగురుగుంట గనులు ఆ బంగారు పట్టీలోవే. కోలార్ గనులు 2001లో మూతపడ్డా, కుప్పం చుట్టూ గ్రానైట్ క్వారీలు, కంకర క్రషర్లు నడుస్తూనే ఉన్నాయి.

రాయిని పొడిగా డ్రిల్లు చేసినా కోసినా కంటికి కనిపించని సిలికా రేణువులు లేస్తాయి. ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు వాటిని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. అవి చచ్చి పగిలితే రేణువులు మళ్లీ బయటపడతాయి, వాటిని ఇంకో కణం మింగుతుంది. ఇలా ఏళ్ల తరబడి సాగే మంటలో, చచ్చిన కణాల డీఎన్‌ఏ మీద యాంటీబాడీలు పుట్టుకొస్తాయి. రెండూ కలిసి కట్టే ముద్దలు కిడ్నీలో రక్తాన్ని వడగట్టే గ్లోమెరులస్‌లలో చిక్కుకుని వాటిని చెడగొడతాయి. మూత్రంలో తగ్గని నురగ, కాళ్లకూ ముఖానికీ వాపు, బీపీ పెరగడం దాని గుర్తులు. అన్ని రాళ్లూ ఒక్కటి కావు. అసలైన గ్రానైట్‌లో సిలికా దుమ్మునిచ్చే క్వార్ట్‌జ్ కనీసం ఐదో వంతు ఉంటుంది. బ్లాక్ గ్రానైట్ పేరుతో అమ్మే డోలరైట్‌లో చాలా తక్కువ.

అమెరికాలోని కరోలినా రాష్ట్రాల్లో జరిపిన పరిశోధన 2002లో వెలువడింది. మోస్తరు లేదా ఎక్కువ సిలికా దుమ్ములో పనిచేసినవారు లూపస్ రోగుల్లో 19 శాతం, ఆరోగ్యవంతుల్లో 8 శాతం ఉన్నారు. ఆ దుమ్ములో పొలం పనిదీ వాటా ఉంది. రాతిపని మగవాళ్లదనీ, లూపస్ ఆడవాళ్లదనీ విడదీసి చూసే అలవాటు ఎంత తప్పో ఈ అంకెలే చెబుతున్నాయి.

మదనపల్లె టమాటా మార్కెట్ దేశంలోని పెద్దవాటిలో ఒకటి. దానికి సరుకు పండించే మదనపల్లె, పుంగనూరు పొలాల్లో పురుగుమందు కొట్టడం, మిట్టమధ్యాహ్నం ఎండలో కాయలు కోయడం నిత్యకృత్యం. పురుగుమందులు తరచుగా వాడిన స్త్రీలలో లూపస్, కీళ్లవాతం ఎక్కువగా కనిపించాయని 76 వేల మందికి పైగా అమెరికా మహిళల్ని పరిశీలించిన అధ్యయనం 2011లో తెలిపింది. అయితే సిలికా విషయంలో ఉన్నంత గట్టి ఆధారం ఇక్కడ ఇంకా రాలేదు. ఎండ మాత్రం, ఉన్న జబ్బును రెచ్చగొడుతుందనడంలో సందేహం లేదు.

మందులదీ ఒక పాత్ర. 1915 నుంచి క్షయ చికిత్సకు పేరొందిన ఆరోగ్యవరం ఆసుపత్రి మదనపల్లె పక్కనే ఉంది. 1952లో వచ్చిన క్షయ మందు ఐసోనియాజిడ్ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, కొద్దిమందిలో లూపస్ లక్షణాలనూ తెచ్చింది. మందు ఆపితే అవి తగ్గుతాయి, కిడ్నీలు దెబ్బతినడం అరుదు. కాబట్టి భయపడి, డాక్టర్ని అడక్కుండా ఎవరూ క్షయ మందులు మానకూడదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బును లూపస్ నెఫ్రైటిస్‌తో కలిపి చూడకూడదు. అది వడపోత భాగం కన్నా నాళికల్ని ముందుగా దెబ్బతీస్తుంది, యాంటీబాడీలతో వచ్చేది కాదు. లూపస్‌ను ఏఎన్‌ఏ, డీఎన్‌ఏ యాంటీబాడీ పరీక్షలు, కిడ్నీ బయాప్సీ తేలుస్తాయి. త్వరగా పట్టుకుంటే మందులతో డయాలసిస్ దాకా పోకుండా చాలామందిని ఆపవచ్చు.

రోగి ఏ పని చేస్తుందో, ఏళ్లుగా ఏ దుమ్ము పీల్చిందో కేసు షీట్‌లో రాయడం ప్రతి ఆసుపత్రిలో తప్పనిసరి కావాలి. క్వారీల్లో నీళ్లు చిమ్ముతూ డ్రిల్లింగ్ చేయించాలి. ప్రభుత్వానికి తెలపాల్సిన వృత్తి వ్యాధుల్లో సిలికోసిస్ ఉంది. లూపస్ ఆ జాబితాలో లేదు.