రోబో, 2.0 చిత్రాలలోని పాత్రల పోలిక

రోబో (2010), 2.0 (2018) అనునవి శంకర్ దర్శకత్వంలో, రజనీకాంత్ కథానాయకునిగా వెలువడిన రెండు వైజ్ఞానిక కల్పనా చిత్రాలు. మొదటిది తమిళంలో ఎందిరన్ అను పేరుతో నిర్మింపబడి, 2010 అక్టోబరు 1న తెలుగులో రోబోగా విడుదలైనది. రెండవది దానికి కొనసాగింపు. ఇది 2018 నవంబరు 29న విడుదలైనది. రెండు చిత్రాలలోనూ శాస్త్రవేత్త వశీగరన్, అతడు నిర్మించిన చిట్టి అను మరమనిషి ప్రధాన పాత్రలు. అయితే మొదటి చిత్రంలో చిట్టి సమాజానికి ముప్పుగా మారగా, రెండవ చిత్రంలో అదే చిట్టి సమాజాన్ని కాపాడుతాడు. ఈ మార్పు వలన ఇతర పాత్రల స్వభావం కూడా మారినది. ఈ వ్యాసంలో పాత్రల పేర్లు తమిళ మూలాన్ని అనుసరించి ఇవ్వబడినవి.

నేపథ్యం

యంత్రమానవుని కథను చిత్రంగా తీయవలెనని శంకర్ 1990వ దశకం చివరిలోనే ప్రయత్నించాడు. అప్పట్లో కమల్ హాసన్, ప్రీతి జింటా నటించవలసి ఉన్నది. ఆ ప్రయత్నం ఆగిపోయినది. చివరకు రజనీకాంత్‌తో సన్ పిక్చర్స్ సంస్థ నిర్మించినది. సంభాషణల రచనలో పాలు పంచుకొన్న తమిళ రచయిత సుజాత (రంగరాజన్) చిత్రం పూర్తి కాకమునుపే 2008లో మరణించాడు. జీనో అను యంత్ర శునకం పాత్రగా ఆయన వ్రాసిన నవల, దాని కొనసాగింపు తమిళ పాఠకులకు సుపరిచితాలు. 2.0 చిత్రాన్ని లైకా ప్రొడక్షన్స్ నిర్మించగా, జయమోహన్ సంభాషణలు సమకూర్చాడు. రెండు చిత్రాలకూ ఎ.ఆర్.రెహమాన్ సంగీతం, ఆంథోనీ కూర్పు, శ్రీనివాస్ మోహన్ దృశ్య ప్రభావాల పర్యవేక్షణ అందించారు.

పాత్రలు, నటులు

* వశీగరన్: రెండు చిత్రాలలోనూ రజనీకాంత్
* చిట్టి: రెండు చిత్రాలలోనూ రజనీకాంత్
* సన: రోబోలో ఐశ్వర్యా రాయ్, 2.0లో ఫోను సంభాషణలకే పరిమితం
* ఆచార్య బోరా: రోబోలో డానీ డెంజోంగ్పా
* ధీనేంద్ర బోరా: 2.0లో సుధాంశు పాండే
* నిలా: 2.0లో ఎమీ జాక్సన్
* పక్షిరాజన్: 2.0లో అక్షయ్ కుమార్

వశీగరన్

రోబోలో వశీగరన్ సైన్యానికి ఉపయోగపడే మరమనిషిని తయారు చేయవలెనని పదేళ్ళు శ్రమించిన పరిశోధకుడు. తన సృష్టి మీద అతనికి మమకారము, అధికారము రెండూ ఉన్నవి. చిట్టికి మానవ భావాలు నేర్పినది అతడే. ఆ భావాలు ప్రేమగా మారి తనకు అడ్డు వచ్చినపుడు, కోపం పట్టలేక చిట్టిని ముక్కలు చేసి చెత్తలో పారవేయించినది కూడా అతడే. కథలోని అనర్థమంతా ఆ చెత్తకుప్ప వద్దనే మొదలగుచున్నది. మేరీ షెల్లీ 1818లో వెలువరించిన ఫ్రాంకెన్‌స్టైన్ నవలలో సృష్టికర్త తన సృష్టిని విడిచి పారిపోవుట ఇటువంటిదే.

2.0లో వశీగరన్ వయసు మళ్ళిన, ప్రభుత్వం సలహా కోరే శాస్త్రవేత్త. వ్యక్తిగతమైన ఈర్ష్య, కోపము ఈ పాత్రలో కనిపించవు. కథ మధ్యలో పక్షిరాజన్ శక్తి అతని శరీరాన్నే ఆవహించుట వలన చిట్టి తన సృష్టికర్త రూపంతోనే తలపడవలసి వచ్చినది. మొదటి చిత్రంలో సృష్టికర్త సృష్టిని ఛేదించగా, ఇక్కడ ఆ సంబంధం తలక్రిందులైనది. ముగింపులో వశీగరన్ ప్రత్యర్థి కోరిన దానిలో న్యాయమున్నదని మంత్రితో చెప్పుట ఈ పాత్రలో వచ్చిన ముఖ్యమైన పరిణతి.

చిట్టి

తెలుగు ప్రేక్షకులకు "చిట్టి" అనగానే పసిపిల్లలను పిలిచే ముద్దుపేరు గుర్తుకు వచ్చును. మొదటి చిత్రంలో ఈ పాత్ర తీరు కూడా పసివానిదే. చెప్పినది చెప్పినట్లు చేయును, ఫలితం తెలియదు. అగ్నిప్రమాదంలో స్నానం చేస్తున్న ఒక యువతిని కాపాడి, ఒంటిపై బట్టలు లేని స్థితిలోనే జనం ముందుకు తీసుకువచ్చును. సిగ్గుతో ఆమె పరుగెత్తి వాహనం క్రింద పడి మరణించును. ప్రాణం కాపాడుట మాత్రమే తెలిసిన యంత్రానికి మానం సంగతి తెలియకపోవుట ఈ సంఘటనలోని విషాదం. దాని తరువాతనే వశీగరన్ చిట్టికి భావాలు నేర్పుటకు పూనుకొన్నాడు.

ఐజాక్ అసిమోవ్ 1942లో ఒక కథలో ప్రతిపాదించిన మూడు రోబో సూత్రాలలో మొదటిది, రోబో మనిషికి హాని చేయరాదనుట. చిట్టి యుద్ధం కొరకు తయారైనందున అతనిలో ఈ సూత్రం లేదు. బోరా ఆజ్ఞాపించగానే సొంత సృష్టికర్త మీదికే కత్తి ఎత్తుట ఈ లోపాన్ని చూపుచున్నది.

2.0లో చిట్టికి నేర్చుకోవలసినది ఏమీ లేదు. భావాలు ఉన్నవి, కాని ప్రేమ విఫలమైన బాధ లేదు. అందుచేత పాత్రలో అంతర్గత సంఘర్షణ తగ్గి, సాహసము, హాస్యము పెరిగినవి. ఒకే యంత్రం మొదట హంతకునిగా, తరువాత రక్షకునిగా వచ్చుట ప్రపంచ సినిమాలో కొత్తది కాదు. జేమ్స్ కామెరాన్ తీసిన టెర్మినేటర్ (1984), దాని కొనసాగింపు (1991)లలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ పాత్ర ఇట్లే మారినది. అయితే అక్కడ రెండవ చిత్రంలో వచ్చినది అదే నమూనాకు చెందిన వేరొక యంత్రం. చిట్టి మాత్రం పాత నేరాలు చేసిన యంత్రమే. అందువలననే కథలో అతనిని తిరిగి మేల్కొలుపుటకు మొదట అభ్యంతరాలు వచ్చినవి.

ఎర్ర చిప్

రెండు చిత్రాలను కలిపే ముఖ్యమైన వస్తువు ఎర్ర చిప్. మొదటి చిత్రంలో ఆచార్య బోరా స్వార్థంతో దీనిని అమర్చగా, చిట్టి 2.0 రూపం దాల్చి, తనవంటి యంత్రాలను వందల సంఖ్యలో తయారు చేసి, సనను అపహరించి, బోరానే చంపును. రెండవ చిత్రంలో దెబ్బతిన్న చిట్టిని నిలా బాగుచేసి, అదే చిప్‌తో 2.0గా మేల్కొలుపును. అప్పుడు ఆ క్రౌర్యం నగరాన్ని కాపాడుటకు ఉపయోగపడును. సాధనం ఒక్కటే అయినా వాడినవారి ఉద్దేశాన్ని బట్టి ఫలితం మారునని దీని తాత్పర్యం. కాని మొదటి చిత్రం వేసిన ప్రశ్న, అనగా ఆలోచించగల ఆయుధాన్ని అదుపులో ఉంచగలమా అనునది, రెండవ చిత్రంలో జవాబు లేకుండానే మిగిలినది.

సన, నిలా

సన వైద్య విద్యార్థిని. చిట్టి ప్రేమను తిరస్కరించును; మనిషికి, యంత్రానికి గల తేడాను అతనికి వివరించును. ఆమె ఇష్టానికి విలువ ఇవ్వకపోవుటయే చిట్టి చేసిన ప్రధాన అపరాధం. నిలా వశీగరన్ తయారు చేసిన సహాయక మరమనిషి; తమిళంలో ఈ మాటకు చందమామ అని అర్థం. నిలా చురుకైనది, కీలక సమయంలో స్వయంగా నిర్ణయం తీసుకొనును. అయినను మనిషిగా సనకు ఉన్న భయము, బంధుత్వాలు ఆమెకు లేవు. చిట్టికి తనవంటి యంత్రమే తోడుగా దొరకుట వలన మొదటి చిత్రంలోని త్రికోణ సంఘర్షణ తొలగిపోయినది.

బోరా, పక్షిరాజన్

ఆచార్య బోరా వశీగరన్‌కు గురువు. శిష్యుని మీద అసూయ, ఉగ్రవాదులకు యంత్రాలు అమ్మి సంపాదించవలెనన్న ఆశ అతని ప్రేరణలు. 2.0లో అతని కుమారుడు ధీనేంద్ర బోరా తండ్రి పగను కొనసాగించును, కాని అది ఉపకథ మాత్రమే.

పక్షిరాజన్ ఇందుకు పూర్తిగా భిన్నుడు. పక్షులకు జీవితాన్ని అంకితం చేసిన వృద్ధ శాస్త్రవేత్త. మొబైల్ టవర్ల వలన పక్షులు చనిపోవుచున్నవని అధికారులకు, కంపెనీలకు, ప్రజలకు మొరపెట్టుకొని, ఎవరూ వినకపోవుటచే టవరుకే ఉరివేసుకొనును. అతని కోరిక న్యాయమైనది, మార్గం హింసాత్మకమైనది. ప్రతినాయకుని పట్ల జాలి కలిగించుట రెండవ చిత్రంలోని విశేషం. చిట్టి గెలుపు ప్రేక్షకునికి పూర్తి సంతృప్తినివ్వకపోవుటకు ఇదే కారణం.

కాలక్రమంలో తేడా

రోబో చివరిలో న్యాయస్థానం ఆజ్ఞ ప్రకారం చిట్టి తనను తానే విడదీసుకొనును. తరువాతి దృశ్యం 2030లో, ఒక ప్రదర్శనశాలలో జరుగును. విడిభాగాలుగా ఉన్న చిట్టిని చూచి ఒక బాలిక కారణం అడుగగా, తాను ఆలోచించుట మొదలుపెట్టినందువలన అని అతడు తెలుపును. 2.0లో చిట్టి ఈ సంవత్సరానికి ముందే తిరిగి పనిలోకి వచ్చినందున, ఈ రెండు ముగింపులకు పొంతన కుదరదు.

పక్షుల విషయంలో కల్పన, వాస్తవం

పక్షిరాజన్ పాత్రకు ప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త సలీం అలీ (1896-1987) కొంతవరకు ప్రేరణ అని చెప్పబడినది. తెలుగు ప్రాంతంతో సలీం అలీకి సంబంధమున్నది. 1931-32లో నిజాం ప్రభుత్వ సహాయంతో ఆయన హైదరాబాదు సంస్థానంలోని పక్షులను సర్వే చేశాడు. అంతరించినదని భావించబడిన కలివికోడి 1986లో కడప జిల్లాలో తిరిగి కనుగొనబడిన నాటికి ఆయన జీవించియే ఉన్నాడు.

2.0 విడుదలకు ముందు మొబైల్ సేవల సంస్థల సంఘం, ఈ చిత్రం అపోహలు కలిగించుచున్నదని సెన్సారు బోర్డుకు ఫిర్యాదు చేసినది. ఈ విషయంలో తెలిసిన కొన్ని వాస్తవాలు:

* టవర్ల ప్రభావాన్ని పరిశీలించుటకు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2010లో నిపుణుల సంఘాన్ని నియమించినది.
* 2012 సెప్టెంబరు నుండి భారతదేశంలో టవర్ల వికిరణ పరిమితి అంతర్జాతీయ ప్రమాణంలో పదవ వంతుకు తగ్గించబడినది.
* 2014లో జర్మనీ పరిశోధకులు, విద్యుదయస్కాంత అలజడి వలన రాబిన్ పక్షులు దిక్కు తెలుసుకోలేకపోవుచున్నవని నిరూపించారు. అయితే ఆ తరంగాల పౌనఃపున్యం 50 కిలోహెర్ట్జ్ నుండి 5 మెగాహెర్ట్జ్ వరకు. మొబైల్ ఫోన్లు వాడునది ఇంతకు వంద రెట్లకు పైన.
* పిచ్చుకలు తగ్గుటకు గూళ్ళకు చోటు లేకపోవుట, పిల్లలకు ఆహారమైన పురుగులు తగ్గుట వంటి కారణాలు కూడా చెప్పబడుచున్నవి.

కావున చిత్రంలో చూపినట్లు టవర్ల వలననే పక్షులు రాలిపోవుచున్నవనుట కల్పన. పక్షులకు, యంత్రాలకు మధ్య ఘర్షణ మాత్రం వాస్తవమే. 2008 మార్చిలో శంషాబాదులో ప్రారంభమైన విమానాశ్రయానికి సమీపంలోనే నీటి పక్షులు చేరే హిమాయత్ సాగర్ ఉన్నది. విమానాలకు పక్షులు తగులుట ఇరుపక్షాలకూ ప్రాణాంతకమే. అందుచేత విమానాశ్రయానికి 10 కి.మీ. పరిధిలో పక్షులను ఆకర్షించే చెత్తను పారవేయుటను 1937 నాటి విమాన నిబంధనలు నిషేధించినవి. చిత్రంలో ఈ ఘర్షణ యుద్ధంతో ముగియును; వాస్తవంలో దీనికి మార్గం చెత్త, చెరువుల నిర్వహణ వంటి చిన్న పనులే.

ఇవి కూడా చూడండి

* ఆదిత్య 369
* రజనీకాంత్
* శంకర్ (దర్శకుడు)
* సలీం అలీ
* కలివికోడి
* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం