పెరటి మొక్కల పుట్టుపూర్వోత్తరాలు

ఇంటి ఆవరణలో దేశవాళీ మొక్కలనే పెంచాలన్న మాట కొన్నేళ్ళుగా తరచు వినబడుతోంది. మంచి మాటే. కాని ఏది దేశవాళీ అన్న ప్రశ్నను వెంటబెట్టుకుని పెరట్లోకి నడిస్తే మన ఆత్మీయులలో చాలామంది పరదేశీయులుగా తేలుతారు. సాయంకాలం విచ్చే చంద్రకాంత అమెరికా ఖండాలది. గుడి ముంగిట దేవగన్నేరూ, శివపూజకు కోసే పచ్చగన్నేరూ అక్కడివే. బిళ్ళగన్నేరు మడగాస్కరు ద్వీపానిది. సంక్రాంతి గొబ్బెమ్మల మీద అలంకరించే బంతిపూలకూ, గుమ్మడిపూలకూ కూడా పుట్టినిల్లు అట్లాంటిక్ ఆవలి ఒడ్డే. వీటిని పరాయివని పెరికివేసే సాహసం ఎవరికుంటుంది?

పేర్లను ఆశ్రయిద్దామంటే అవీ సగం నిజమే చెబుతాయి. సీమచింత, సీమతంగేడు తమ పరాయితనాన్ని నెత్తిన పెట్టుకునే తిరుగుతున్నాయి. సీతాఫలం, రామాఫలం మాత్రం సముద్రాలు దాటి వచ్చి, రామాయణంలోంచి పేర్లు తెచ్చుకుని, వనవాసం నాటినుంచీ ఇక్కడే ఉన్నట్టు కూర్చున్నాయి. ఇక నూరువరహాలు అచ్చంగా దక్షిణ భారతపు పొద. దానికి మనవాళ్ళు పెట్టినది ఒక నాణెం పేరు!

ఈ లెక్కలను శాస్త్రీయంగా తేల్చే ప్రయత్నం మన గోదావరి సీమలోనే ఒకప్పుడు గట్టిగా జరిగింది. స్కాట్లండు నుంచి ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా 1776లో మద్రాసు చేరిన విలియం రాక్స్‌బరో 1781లో సామర్లకోటకు వచ్చాడు. అక్కడొక ప్రయోగాల తోట వేసి మిరియం, కాఫీ, దాల్చిన, మల్బరీ వంటివెన్నో పెంచి చూశాడు. కంపెనీకి కావలసింది లాభం. ఆయన అంతటితో ఆగక చుట్టుపక్కల మొక్కలన్నిటినీ వర్ణించి, స్థానిక చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. వాటిలో మూడువందల చిత్రపటాలు కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి మూడు సంపుటాలలో లండనులో వెలువడ్డాయి. మన సీమచింతను శాస్త్రలోకానికి పరిచయం చేసిన గ్రంథం కూడా అదే.

రాక్స్‌బరో చేసిన మరొక పనికి తెలుగువాళ్ళం ఆయనకు ఋణపడి ఉండాలి. ఆయన మొక్కల తెలుగు పేర్లు అడిగి తెలుసుకుని, 'తెలింగ' నామాలుగా నమోదు చేశాడు. ఆయన మరణించాక విలియం కేరీ పూనికతో 1832లో పూర్తిగా అచ్చయిన 'ఫ్లోరా ఇండికా' నిండా అవి కనబడతాయి. (1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన శ్రీరాంపురం కేరీయే ఈయన.) జ్వరానికి సింకోనా బెరడుకు బదులుగా పనికివస్తుందని రాక్స్‌బరో నమ్మిన సోమిద చెట్టుకు లాటిను పేరే 'సోయ్‌మిడా' అయింది. మన్యంలో ఎవరో చెప్పిన ఒక తెలుగు మాట ప్రపంచంలోని ఉద్భిద శాస్త్రజ్ఞులందరి నోటా పలుకుతోంది. ఆ పేరు చెప్పినవారి పేరు మాత్రం మనకు దక్కలేదు. ఆ బొమ్మలు వేసిన చేతుల పేర్లూ పుస్తకంలో లేవు. ఇది నన్ను ఎప్పుడూ బాధించే విషయం.

రాక్స్‌బరోకు గురుతుల్యుడైన యోహాన్ గెర్‌హార్ట్ కోనిగ్ కథ ఇంకా దగ్గరిది. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ 1768లో తరంగంబాడి చేరి దక్షిణదేశమంతా మొక్కలు సేకరించాడు. 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో విరేచనాల వ్యాధితో మరణించాడు. చివరి రోజులలో ఆయనకు వైద్యం చేసినది రాక్స్‌బరోయే. లిన్నేయస్ ఈ శిష్యుడి పేరును ఒక చిన్న చెట్టుకు జోడించాడు. అదే మన కరివేప. దాని శాస్త్రీయ నామంలోని 'కోనిగియై' ఈయనే. జగన్నాథపురంలో పొద్దున్నే పోపులోకి నాలుగు రెబ్బలు తుంచుకునే ఇల్లాలికి, ఆ ఆకు పేరుగల మనిషి అక్కడి మట్టిలోనే కలిశాడని ఎవరు చెప్పాలి?

కరివేప మీద నాకు మరో కారణంగానూ అభిమానం. దేశవాళీ అంటే ఏమిటో ఆ చెట్టే చూపుతుంది. దాని లేత ఆకుల మీద పక్షి రెట్టలా కనబడే పురుగులు చేరతాయి. పెరిగి ఆకుపచ్చగా మారి రెమ్మలు బోడి చేస్తాయి. చాలామంది వెంటనే మందు కొడతారు. అవి నల్లని పెద్ద సీతాకోకచిలుకల పిల్లలు. నిమ్మజాతి చెట్లూ, కరివేపా లేకపోతే వాటికి తిండి లేదు. చెట్టు ఆరడుగులు దాటితే వాటి వాటా వాటికి వదిలేసినా మన పోపుకు లోటు రాదు. నిజంగా భయపడవలసినది చిగుళ్ళను వంకర తిప్పే చిన్న రసంపీల్చే పురుగుకు. దానికి ఆ చిగుళ్ళను తుంచి పారేసి, వేపనూనె నీళ్ళు చల్లితే చాలావరకు సరిపోతుంది. తనను తినేవాళ్ళు ఉన్న చెట్టే ఊరి చెట్టు అని నా అభిప్రాయం. ఏ పురుగూ ముట్టదని ఒక మొక్కను పొగుడుతూ అమ్మజూపితే నాకు ముందు అనుమానమే కలుగుతుంది.

రాక్స్‌బరో సామర్లకోటలో వానల లెక్క కూడా రాసిపెట్టాడు. 1789 నుంచి నాలుగేళ్ళపాటు వానలు తప్పి వచ్చిన ఘోరమైన కరువును కళ్ళారా చూశాడు. సుమారు నూరేళ్ళ కిందట ఇటువంటి కరువే వచ్చిందని పిఠాపురం రాజా తన వంశపు పాత కాగితాలలో వెదికి చెప్పిన సంగతినీ నమోదు చేశాడు. మన నేలలోని మొక్కలన్నీ ఆ కరువులను దాటి వచ్చినవే. ఈ సంగతి గుర్తుంటే పారిజాతం విషయంలో తొందరపడము. ఎండాకాలంలో అది ఆకులు రాల్చి, ఎండిన కట్టెలా నిలబడుతుంది. జాలిపడి కడవలకొద్దీ నీళ్ళు పోస్తే వేరు కుళ్ళి నిజంగానే చస్తుంది. గోటితో బెరడు గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే తొలకరి దాకా దాని మానాన దాన్ని వదిలేయడమే మేలు. రాతి గుట్టల వాలులలో పెరిగే చెట్టుకు బురద గిట్టదు.

నూరువరహాలది వేరే తంటా. ఈనెలు పచ్చగానే ఉండి, ఆకు మాత్రం పసుపుపచ్చగా పాలిపోతుంది. ఎరువు చాలలేదనుకుంటారు. ఈ పొదకు కొంచెం పుల్లదనమున్న నేల కావాలి. మనం కొత్త ఇంటి గోడవార, సున్నమూ సిమెంటూ రాలినచోట నాటి, బోరునీళ్ళు పోస్తాము. అక్కడ ఇనుము ఉన్నా వేరు దాన్ని అందుకోలేదు. లీటరు నీటిలో అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకులపై రెండుమూడుసార్లు చల్లితే కొత్త ఆకు పచ్చబడుతుంది. వేరుశనగ రైతులకు తెలిసిన వైద్యమే ఇది. శాశ్వతంగా కుదరాలంటే మొదట్లో ఆకుల ఎరువు వేస్తూ, గోడకు మూడడుగులు ఎడంగా నాటుకోవాలి.

ఇక కనకాంబరం. దక్షిణ భారతానికీ, సింహళానికీ చెందిన అసలుసిసలు ఆడపడుచు. పండిన కాయ మీద నీటి చుక్క పడితే చిటుక్కున పగిలి విత్తులు విసిరి తన సంతానాన్ని తానే నాటుకుంటుంది. అటువంటి మొక్క నిన్న నవనవలాడుతూ ఉండి నేడు తలవేలాడేస్తుంది. పెరికి చూస్తే వేళ్ళు నల్లబడి ఉంటాయి. కంటికి కనబడని నులిపురుగులు వేళ్ళను గాయపరచగా, ఆ గాయాలగుండా శిలీంధ్రం చొరబడి వాడు తెగులు తెస్తుంది. తెగులు సోకిన మొక్కను బ్రతికించే మందు లేదనే చెప్పాలి. పీకి కాల్చివేసి, ఆ మడిలో కొంతకాలం కనకాంబరం వేయకూడదు.

ఆ మడిలో ఏం వేయాలి? బంతి. దాని వేళ్ళలోని ఒక పదార్థం నులిపురుగులను అణచివేస్తుందని పరిశోధనలు తేల్చాయి. మెక్సికో నుంచి వచ్చిన ఆ పరదేశి, మన నేలలోనే పుట్టిన కనకాంబరానికి కావలి కాస్తుంది. మా పెరట్లో ఒక పంట బంతి వేసి, పూలయ్యాక మొక్కలను మొదలంటా కోసి, వేళ్ళను మట్టిలోనే వదిలి, ఆ తరువాత కనకాంబరం నాటుతున్నాను. చుట్టూ ఒక వరుస బంతి ఎప్పుడూ ఉంటుంది. పువ్వులు రెండూ ఒకే దారానికి ఎక్కుతాయి.