కీచుమంది... పంపేశారు!

1985 జూన్ 22, శనివారం పొద్దున. కెనడాలోని వాంకూవర్ ఎయిర్‌పోర్ట్.

సీపీ ఎయిర్ కౌంటర్ ముందు క్యూ కదలడం లేదు. ఎం.సింగ్ పేరుతో వచ్చినతను ఒకటే పట్టు పట్టాడు. టొరంటో దాకా టికెట్ ఖాయం. అక్కణ్ణుంచి ఢిల్లీ వెళ్లే ఎయిరిండియాలో మాత్రం ఇంకా వెయిటింగ్ లిస్టే. అయినా సూట్‌కేసు నేరుగా ఢిల్లీకే వేయాలట. కుదరదంది కౌంటర్‌లో ఆవిడ. అతను వినలేదు. వెనక క్యూ పెరిగిపోతోంది. వాదించి వాదించి విసిగిపోయి, చివరికి ట్యాగు తగిలించేసింది. సూట్‌కేసు బెల్టు మీద లోపలికి జారిపోయింది. విమానం లేచింది.

అతను ఎక్కలేదు.

సాయంత్రం. టొరంటో. టైంబాంబులు పెట్టే ప్రమాదం ఉందని ఆ నెల మొదట్లోనే ఎయిరిండియా తన ఆఫీసులకు టెలెక్స్ కొట్టింది. అందుకే తనిఖీ గట్టిగా ఉంది. సెలవులకి పిల్లల్ని తీసుకుని సొంతూళ్లకి బయల్దేరిన కుటుంబాలు వరసలో నిలబడి, చేతిసంచులు ఎక్స్‌రేలోకి తోసి, మెటల్ డిటెక్టర్ దాటుకుని, ఇంత చూస్తున్నారు కదా ఇంక భయమేముందిలే అన్నట్టు గేటు వైపు సాగిపోతున్నాయి. సరిగ్గా ఆ వేళకే, వాళ్ల కంటికి కనపడని బ్యాగేజీ విభాగంలో, సూట్‌కేసులు చూసే ఎక్స్‌రే మెషీన్ ఆగిపోయింది.

పేలుడు పదార్థాల్ని పసిగట్టడానికి చేత్తో పట్టుకునే పీడీ-4 స్నిఫర్ బయటికొచ్చింది. సెక్యూరిటీ అధికారి అగ్గిపుల్ల గీసి దాని దగ్గర పెట్టాడు. కీచుమని అరిచింది. అలా అరిస్తే చెప్పమన్నారు. ఇచ్చిన శిక్షణ అంతే.

ఈ స్నిఫర్ సంగతి పోలీసులకి జనవరిలోనే తెలుసు. ఇదే ఎయిర్‌పోర్ట్‌లో పరీక్షించారు. గన్‌పౌడర్ అంగుళం దూరంలోకొస్తే గానీ పలకలేదు. సీ-4 పేలుడు పదార్థానికి ఆనించినా నోరు విప్పలేదు.

ఇప్పుడు అదే దిక్కు. ఒక్కో సూట్‌కేసు చుట్టూ తిప్పుతున్నారు. ఒకదాని జిప్పు తాళం దగ్గర సన్నగా కూసింది. మళ్లీ తిప్పారు. మళ్లీ కూసింది. కానీ అగ్గిపుల్లకి అరిచినంత గట్టిగా కాదు. పంపేశారు.

రాత్రి, ఆ ఎయిరిండియా విమానం మధ్యలో ఆగిన మాంట్రియల్ దగ్గరి మిరబెల్. అక్కడి ఎక్స్‌రే బాగానే పనిచేస్తోంది. అనుమానంగా ఉన్న మూడు సూట్‌కేసుల్ని పక్కన పెట్టేశారు. బాంబుల్ని పసిగట్టే కుక్కకి కబురు వెళ్లింది. అది వచ్చేసరికి విమానం వెళ్లిపోయింది. ఆ మూడు పెట్టెల్లో పేలుడు పదార్థం ఏమీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం. టోక్యో నరిటా ఎయిర్‌పోర్ట్‌లో ఒక సూట్‌కేసు పేలింది. వాంకూవర్‌లోనే, మరో ఎయిరిండియా విమానం కోసం ఎక్కించిన పెట్టె అది. ఇద్దరు లోడర్లు చనిపోయారు. ఇంకో 55 నిమిషాలకి, ఐర్లాండ్ తీరానికి దూరంగా, 31,000 అడుగుల ఎత్తులో, టొరంటో నుంచి బయల్దేరిన ఆ ఎయిరిండియా విమానం ‘కనిష్క’ రాడార్ నుంచి మాయమైంది.

329 మంది. ఒక్కరూ మిగల్లేదు.

2010లో కెనడాలో జాన్ మేజర్ విచారణ కమిషన్ నివేదిక వేలాది పేజీల్లో లోపాలన్నీ తవ్వి తీసింది. అప్పటికి ఎన్నో ఏళ్ల ముందే, మనిషి ఎక్కకపోతే అతని పెట్టె దించేయాలన్న నిబంధన అంతర్జాతీయ విమానాలకి వచ్చేసింది. వాంకూవర్‌లో సీటు ఖాళీ, సూట్‌కేసు లోపల. ఆ రెండూ కలిపి చూడ్డానికి ఎక్స్‌రే అక్కర్లేదు, స్నిఫర్ అక్కర్లేదు. ప్రయాణికుల జాబితా ఒక్కటి చాలు.