అడివి పోయినాక మన ఎర్రనేలలో ఏం మిగిలింది

భూసార పరీక్ష కార్డు వస్తే మనం నత్రజని, భాస్వరం, పొటాష్ గడులు చూసి పక్కన పెడతాం. సేంద్రియ కర్బనం గడి ఎవరూ చూడరు. అది 0.5 శాతం లోపు ఉంటే ‘తక్కువ’ అని రాస్తారు. ఎర్రనేల కార్డుల్లో మామూలుగా కనిపించే మాట అదే. ఆ ఒక్క మాట వెనకాల రెండు వందల ఏండ్ల కథ ఉంది.

1800లో నిజాము మన సీమను కుంపిణీకి ఇచ్చేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి, చేను చేనూ కొలిపించి రైతు పేరునే శిస్తు కట్టాడు. మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకున్నారు మనోళ్లు, మంచిదే. కానీ ఆ లెక్కలో బీడు అంటే ఖజానాకు నష్టం, దుక్కి అంటే లాభం. 1871లో మద్రాసు-బొంబాయి రైలు దారి గుత్తి, గుంతకల్లు మీదుగా కలిసింది. ఆ కాలంలో మద్రాసు వైపు ఇంజిన్లకు కట్టెలే మేత. తర్వాత 1876-78 కరువు. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు, అదే ఏడు మద్రాసు అటవీ చట్టం వచ్చింది. గుట్టల చుట్టూ గీత గీసి రిజర్వు అన్నారు. గీత బయట ఉన్నది మెల్లమెల్లగా చేనైపోయింది.

స్వాతంత్ర్యం వచ్చినాక భూమి లేనోళ్లకు డీకేటీ పట్టాలు ఇచ్చినారు, ఎక్కువగా గుట్టవార రాళ్లనేలే. దున్నక ఎట్లా బతుకుతారు? వాళ్లను తప్పు పట్టే పని లేదు.

మన అడివి నల్లమల కాదులే, తుమ్మ, రేగు, బోద గడ్డి ఉండే ముళ్లకంప. అయినా ఏటా ఆకు రాలేది, వేరు లోపలే కుళ్లేది, నేల మీద కప్పు ఉండేది. నాగలి పడినాక మట్టి గడ్డలు విడిపోయి లోపల దాగిన కర్బనానికి గాలి తగిలింది. సూక్ష్మజీవులు దాన్ని తిని బొగ్గుపులుసు గాలిగా వదిలేసినాయి. ఉన్న మెత్తటి పైమట్టిని గాలీ వానా ఎత్తుకుపోయినాయి. కొత్తగా కొట్టిన బీడులో మొదటి పంటలు ఎరువు లేకున్నా బాగా వచ్చేది ఇందుకే. అడివి కూడబెట్టిన మూటను మనం పంటగా తిన్నాం. ప్రపంచంలో చాలా చోట్ల చేసిన కొలతలన్నీ కలిపి 2002లో ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్క వేస్తే, అడివి పంటచేనైన చోట మట్టిలో కర్బనం సగటున 42 శాతం తగ్గిందని తేలింది.

తిరగేసి చూసినా అంతే. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్‌లో గోధుమ చేను కొసన ఒక ముక్కను 1882లో (మన జిల్లా పుట్టిన ఏడే!) దున్నకుండా వదిలేస్తే అది అడివైంది, మట్టిలో కర్బనం రెట్టింపు దాటింది. అక్కడ వాన ఎక్కువ, చలి ఎక్కువ. మన ఎండలో అంత తొందరగా కూడదు.

మనకు రెండో దెబ్బ శెనక్కాయ. జొన్న, కొర్ర, కంది, అనుము కలిపి వేసిన చేలల్లో ఒకే పంట వచ్చింది, ఒక దశలో జిల్లాలో 8 లక్షల హెక్టార్ల దాకా పాకింది. జొన్న కోస్తే మోడు, వేరు చేనులో ఉంటాయి. శెనక్కాయను వేరుతో సహా పెరుకుతాం. కాయ మార్కెట్టుకు, కట్టె గొడ్డుకు, పొట్టు మిల్లు దగ్గరే. చేనుకు ఏం మిగిలింది? ఎద్దులున్నన్నాళ్లు కట్టె పేడై తిరిగి వచ్చేది. ఎద్దులు పోయినాక ఆ దారీ మూసుకుపోయింది.

అనంతపురం దగ్గర రేకులకుంట పరిశోధన స్థానంలో 1985 నుంచి ఇరవై ఏండ్లు ఇదే శెనక్కాయ మీద చూసినారు. ఏమీ వేయని మడిలో కర్బనం తగ్గుతూ పోయింది. రసాయన ఎరువు సగం చేసి, హెక్టారుకు 4 టన్నుల శెనక్కాయ పొట్టో పెంట ఎరువో కలిపిన మళ్లు నిలబడినాయి. ఉన్న కర్బనం తగ్గకుండా ఉండాలంటేనే ఏటా హెక్టారుకు 1.12 టన్నుల కర్బనం మట్టిలోకి పోవాలని తేల్చినారు. ఎకరాకు నాలుగున్నర క్వింటాళ్లు. ఎండు ఆకు, పొట్టు లెక్కన టన్ను పైమాటే. ఇది పెంచడానికి కాదు, ఉన్నది నిలుపుకోడానికి మాత్రమే.

కాబట్టి ఈసారి పొట్టు అమ్మే ముందు, కంది ఆకు ఊడ్చి కాల్చే ముందు ఈ లెక్క వేసుకోండి. గొర్రెల మంద కట్టేవాళ్లుంటే కూలి చూసుకోకుండా పిలవండి. మీ కార్డులో కర్బనం అంకె ఎంతో కింద రాయండి. ఎర్రనేలా నల్లరేగడా, ఎన్నేండ్ల దుక్కో కూడా చెప్పండి. గుట్ట పక్కన కొత్తగా సాగైన చేలవాళ్లు తప్పకుండా రాయాల, పాత చేలతో పోల్చి చూద్దాం.