తెనాలి మిల్లు బిల్లులో ఎవరి వాటా ఎంత

తెనాలి బియ్యం మిల్లు యూనిట్‌కు ఎంత కట్టాలో, రేపల్లెలో దుకాణదారు ఎంత కట్టాలో ఒకప్పుడు హైదరాబాదులో తలుపులు మూసుకుని తేల్చేవారు. 1959లో ఏర్పడిన విద్యుత్ బోర్డు సర్కారు కనుసన్నల్లోనే ధరలు పెట్టేది. ఎన్నికల ముందు ఇచ్చిన రాయితీ నష్టంగా బోర్డు పద్దులోకి చేరేది, అడిగే నాథుడు ఉండేవాడు కాదు. 1998 నాటి సంస్కరణల చట్టంతో బోర్డు 1999 ఫిబ్రవరి 1న ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోగా విడిపోయింది. ఆ ఏడాదే విద్యుత్ నియంత్రణ మండలి వచ్చింది. దానివల్ల కరెంటు చవకైందని ఎవరూ అనలేరు. అది చేసిన మేలల్లా ఎవరి భారం ఎవరు మోస్తున్నారో కాగితం మీద పెట్టించడమే.

ప్రభుత్వం తప్పించుకోవడానికే ఈ మండలిని అడ్డం పెట్టుకుందన్న విమర్శలో నిజం లేకపోలేదు. 2000లో ఛార్జీలు పెంచినప్పుడు అది మండలి నిర్ణయమనే చెప్పారు. జనం నమ్మలేదు. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై పోలీసు కాల్పుల దాకా వెళ్లింది వ్యవహారం. అయితే 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ ఆ తప్పుకునే దారిని చాలావరకు మూసేసింది. రాయితీ ఇవ్వదలచిన సర్కారు ఆ సొమ్మును విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కంకు) ముందే కట్టాలి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. బోరు మోటార్లే ఆధారమైన మెట్ట ప్రాంతాలకు అది ప్రాణం పోసింది. కృష్ణా కాలువలు పారే తెనాలి, రేపల్లె పొలాలకు దక్కింది తక్కువే. పైగా పరిశ్రమ, వ్యాపార వర్గాల నుంచి అసలు ఖర్చును మించి వసూలు చేసి మిగతావారికి సర్దే పద్ధతి ఉండనే ఉంది. అంటే తెనాలి మిల్లరు తన వాటాకు మించి కడుతున్నట్టే. న్యాయమా కాదా అన్నది వేరే వాదన, అంకె మాత్రం టారిఫ్ ఉత్తర్వులో కనబడుతుంది.

బహిరంగ విచారణ వట్టి తంతు అంటారు. పాత ఖర్చుల తేడాను తర్వాతి బిల్లుల్లో వసూలు చేసే ట్రూఅప్‌పై 2021లో రేగిన గొడవ చూస్తే అలా అనబుద్ధి కాదు. 2014-19 నాటి బకాయిల పేరిట 3,669 కోట్ల వసూలుకు మండలి అనుమతిచ్చింది. మన ప్రాంతంలో యూనిట్‌కు 1.23 రూపాయలు బిల్లుకెక్కింది. బహిరంగ ప్రకటన సరిగా ఇవ్వలేదన్న అభ్యంతరంతో మండలే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని, కట్టిన సొమ్ము బిల్లుల్లో సర్దించింది. మరుసటి ఏడాది విచారణ తర్వాత సుమారు 2,900 కోట్లుగా అది మళ్లీ వచ్చింది, నిజమే. కానీ తగ్గిన 700కు పైగా కోట్లు తంతుతో తగ్గేవి కావు.

విచారణలో పాల్గొనడానికి దూరమే అసలు ఇబ్బంది. మన డిస్కం 2020 దాకా తిరుపతిలో ఉండేది, ఇప్పుడు విజయవాడకు వచ్చింది. మండలి మాత్రం 2023లో హైదరాబాదు వదిలి కర్నూలు చేరింది. డిస్కంలు వచ్చే ఏడాది లెక్కలు నవంబరు నెలాఖరుకు దాఖలు చేస్తాయి. బాపట్ల, రేపల్లె ఆక్వా రైతులు, తెనాలి మిల్లర్లు అభ్యంతరాలు రాసి పంపాల్సింది అప్పుడే, ఏప్రిల్‌లో బిల్లు చూశాక కాదు.