వాయుజీవశాస్త్రం

వాయుజీవశాస్త్రం లేదా ఏరోబయాలజీ అనగా గాలిలో తేలియాడే పుప్పొడి రేణువులను, శిలీంధ్రాల సిద్ధబీజాలను, ఇతర సూక్ష్మజీవులను, అవి మనుషులపై, పంటలపై చూపే ప్రభావాన్ని అధ్యయనం చేసే శాస్త్రం. ఈ పేరును 1930లలో అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడ్ మెయర్ వాడుకలోకి తెచ్చాడు.

చరిత్ర

గడ్డిజాతి పుప్పొడి వలన తుమ్ములు, ఉబ్బసం వస్తాయని ఇంగ్లండు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ తనపైనే ప్రయోగాలు చేసుకొని 1873లో ప్రకటించాడు. అదే సంవత్సరం డి.డి.కన్నింగ్‌హామ్ కలకత్తా గాలిని సూక్ష్మదర్శినితో పరీక్షించిన వివరాలు వెలువడ్డాయి. మన్యపు కాఫీ రైతులకు దగ్గరి కథ మాత్రం సింహళానిది. 1869లో అక్కడ బయటపడిన ఆకుతుప్పు తెగులు కాఫీ తోటలను నాశనం చేసింది. 1880-82 మధ్య అక్కడ పనిచేసిన మార్షల్ వార్డ్ గ్లిసరిన్ పూసిన గాజు పలకలను తోటల్లో ఉంచి, తెగులు సిద్ధబీజాలు గాలిలో ప్రయాణిస్తాయని చూపాడు.

1952లో జె.ఎం.హర్స్ట్ రూపొందించిన యంత్రపు పద్ధతినే నేటికీ ఎక్కువగా అనుసరిస్తున్నారు. ఇది నిమిషానికి 10 లీటర్ల గాలిని పీల్చుకుంటుంది. లోపలి జిగురు పూత గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. కాబట్టి ఏ రేణువు ఏ గంటకు పడిందో లెక్కకట్టవచ్చు.

చింతపల్లి ప్రాంతం

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, లంబసింగి పరిసరాలలో శీతాకాలంలో వలిసె పూలు కొండవాలులను పసుపుమయం చేస్తాయి. తుమ్ములకు ఈ పూలే కారణమనుకోవడం సహజమే గాని, వలిసెలో పరాగసంపర్కం ప్రధానంగా తేనెటీగల ద్వారా జరుగుతుంది. దాని పుప్పొడి జిగటగా ఉండి గాలిలో అంతగా ఎగరదు. అసలు అనుమానించవలసినవి కంటికి ఆనని పూలు గల గడ్డిజాతులు. ఇక వయ్యారిభామ పుప్పొడి ఎలర్జీని, దాని ఆకుల స్పర్శ చర్మవ్యాధిని కలిగిస్తాయి.

కొండల మధ్య లోయలలో శీతాకాలపు రాత్రి చల్లగాలి అడుగున నిలిచిపోయి, పొయ్యిపొగను కూడా నేలకు దగ్గరగానే పట్టి ఉంచుతుంది. అందువలన ఉబ్బసం పొగ వలన వచ్చిందా, పుప్పొడి వలన వచ్చిందా అన్నది లక్షణాలను బట్టి మాత్రమే తేల్చలేము. మైదాన ప్రాంతపు పుప్పొడి క్యాలెండరు ఇక్కడికి సరిపోదు. వృక్షజాతులు, పూతకాలం రెండూ వేరు.

ఆరోగ్య ప్రభావాలు

పుప్పొడి రేణువులు చాలావరకు 10 నుండి 100 మైక్రాన్ల పరిమాణంలో ఉండి ముక్కు, గొంతులోనే ఆగిపోతాయి. ఆస్పర్జిల్లస్ వంటి బూజుల సిద్ధబీజాలు అంతకంటె చిన్నవి. ఇవి ఊపిరితిత్తుల లోపలికి చేరగలవు. అయితే ఉరుములతో కూడిన వానలో పుప్పొడి పగిలి సన్నని ముక్కలవుతుంది. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో ఇలా వచ్చిన ఉబ్బసంతో వేలాదిమంది ఆసుపత్రులకు చేరగా, 10 మంది మరణించారు.

తడి ఆరకుండా నిలవచేసిన గడ్డి, ధాన్యం బూజుపడితే, వాటిని కదిలించినప్పుడు లేచే ధూళి కూడా ప్రమాదకరమే. దానిని పదేపదే పీల్చేవారికి దగ్గు, జ్వరం, ఆయాసంతో కూడిన 'రైతు ఊపిరితిత్తి' వ్యాధి రావచ్చు. దీనిని గుర్తించక వదిలేస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా గట్టిపడతాయి.